కుచ్చుటోపీ కాయల నోము

పోయిన నెల ఎడిసన్‌లో, మా చెల్లెలి వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తుండగా ఫోన్ మోగింది. మా మరదలు. "వదినా, అమ్మ పోయింది" అంది. తర్వాత ఏడుపు. ఏడుపు కాస్త తగ్గాక ఇంకొక్క మాట: "బకెట్‌లో మొక్కకి నీళ్ళు పొయ్యమని పొద్దున్నే చెప్పింది. పోశాను."

స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని, దేవుడి ముందు కూర్చున్నాను. ఆ బకెట్‌లో మొక్కే కళ్ళముందు నిలిచింది. ఆవిడ పట్టిన నోముకి ఉద్యాపన జరగలేదు. చివరి వాయనం మిగిలిపోయింది. ఇక అది నా చేతి మీదుగా జరగాలి.

పోయినావిడ మా తమ్ముడి అత్తగారు. మా అమ్మ మా చిన్నతనంలోనే పోవడంతో తమ్ముడి పెళ్ళిలో తల్లి స్థానంలో పెద్దక్కగా నేనే నిలబడ్డాను. ఆ వరసన మేమిద్దరం వియ్యపురాళ్ళం. ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకునేవాళ్ళం. మా మరదలికీ నేను ఆడపడుచుగా వదిననే. "తల్లికీ కూతురికీ ఒకరే వదిన. ఈ దేశంలో వరసలు కూడా పొదుపే" అని ఆవిడే నవ్వేది.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మీలో చాలామంది కార్తీక వనభోజనాలకి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి వచ్చినవారే. ఆవిడ చేతి పులిహోర తిన్నవారే. ఏ చెట్టు కింద కూర్చుని తిన్నారో కూడా గుర్తుండే ఉంటుంది. ఆ చెట్టు ఏమైందని తర్వాత కొందరు అడిగారు. అప్పట్లో మా ఇంట్లో ఎవరం సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఆవిడ గోదావరి జిల్లాలో ఒక ఆయుర్వేద వైద్యుడి కూతురు. కరక్కాయలు ముందు పోసుకుని, ఏది మందుకి, ఏది రంగుకి అని తండ్రి పక్కన ఏరుతూ పెరిగిన మనిషి. డెబ్బైల చివర్లో కూతురి పురుటికని వచ్చింది. నేను అప్పటికే తమ్ముడి దగ్గర ఉన్నాను. వచ్చిన మొదటి శరత్కాలంలో, అల్లుడి పాత కోటు చీరమీద తొడుక్కుని నాతో నడకకి వచ్చి, దారి నిండా రాలిన ఓక్ కాయలు చూసి ఆగిపోయింది.

"అదేవిటండీ! ఇన్ని కాయలు రాలుతుంటే ఊళ్ళో ఒక్కళ్ళూ ఏరుకోరా?"

"ఉడతలు తింటాయి వదినగారూ."

"ఉడతలు తినేవి మనం తినకూడదా?"

కోటు జేబులు నింపింది. పనసగింజల్లా ఉన్నాయని ఉడకబెట్టి, ఆవ పెట్టి కూర చేసింది. మా తమ్ముడు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేడు, అత్తగారి ముందు ఉమ్మలేడు. కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరిగాయి.

"అత్తయ్యగారూ," అన్నాడు చివరికి, "నాలుక తోలుచెప్పు అయిపోయిందండీ."

"వగరు ఒంటికి మంచిది. మింగండి బాబూ."

తరవాత తనూ ఒకటి నోట్లో వేసుకుంది. గిన్నె తీసుకెళ్ళి చెత్తబుట్టలో వంచింది. వెంటనే మిగిలిన కాయల్ని నేలమీద పోసి కూర్చుంది. "అన్ని జాతులూ కలిపేశాను. మా నాన్నగారు చూసుంటే చెవి మెలేసేవారు."

ఆవిడ ఓక్ చెట్లని నేర్చుకున్నది అలా. ఇంగ్లీషు రాదు. చెట్ల పేర్లతో పనిలేదు. కాయ, దాని మూత చూస్తే చాలు. పీపాలా లావుగా ఉండి, పైన చదునైన మూత ఉంటే అది "పళ్ళెం మూత". చిన్నగా, గుండ్రంగా, నిలువు గీతలతో ఉన్నది "చారల గోళీ". పొడుగాటి కాడకి రెండేసి వేలాడితే "జంటకాయ". గరుకు గిన్నెలో కూర్చున్నట్టుంటే "మొటిమల గిన్నె". వీటన్నిటికంటే పెద్దది, సగం మొహం దాకా మూత కప్పుకుని, ఆ మూత అంచున పెళ్ళికొడుకు తలపాగాకి వేసినట్టు కుచ్చులున్నది "కుచ్చుటోపీ". మా మరదలు లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకం తెచ్చి పక్కన పెడితే, అందులోనూ వేటికవి వేరువేరు పేర్లతో అలాగే ఉన్నాయి. ఆవిడ పేజీలు తిప్పి, "ఫరవాలేదు, వీళ్ళూ బాగానే చూశారు" అంది.

"ఆకుని నమ్మకండి వదినగారూ," అనేది. "ఒకే చెట్టుకి కింద ఒక రకం ఆకు, పైన ఒక రకం. కాయ అబద్ధమాడదు." అనుమానం వస్తే పెంకు పగలగొట్టి లోపల గోటితో రాసి చూసేది. నూగు ఉంటే చేదు జాతి. నున్నగా ఉంటే మంచి జాతి. అప్పటినుంచి తెలిసినవాళ్ళ పెళ్ళిసంబంధాల గురించీ, తమ్ముడి స్నేహితుల గురించీ కూడా ఆవిడ తీర్పు ఒక్క మాటే: "లోపల నూగుంది." లేకపోతే, "నున్నన."

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న మహావృక్షం కుచ్చుటోపీ. ఇద్దరు చేతులు చాపినా అందని మొదలు. ఆ మొదలు సరిహద్దుకి అవతల, పక్కింటాయన డ్రైవ్‌వే పక్కన మూరెడు లోపలికి ఉంది. నీడ మాత్రం మూడొంతులు మా వైపే.

ఆవిడ వచ్చిన మరుసటి ఏడు ఆశ్వయుజంలో, ఇండియాలో ఆవిడ భర్త హఠాత్తుగా పోయారని టెలిగ్రాం వచ్చింది. టికెట్లు దొరికేలోపలే అక్కడ అన్నీ అయిపోయాయి. ఆవిడ ఇంట్లో ఏడవలేదు. వెళ్ళి ఆ చెట్టుకి వీపు ఆనించి, సాయంత్రం దాకా కూర్చుంది. కాయలు రాలుతున్నాయి. ఒకటి భుజం మీద పడింది. తీసి చేతిలో పట్టుకుంది, పారెయ్యలేదు. కార్తీకం రాగానే ఆ కుచ్చుటోపీ మూతల్లో తడిపిన బియ్యప్పిండి అద్ది, నెయ్యీ వత్తీ వేసి, చెట్టు మొదట్లో దీపాలు పెట్టింది. "ఆఖరిచూపు ఆయన్ని చూడలేదు. దీన్ని చూశాను" అంది నాతో. ఈ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మీరంతా వచ్చిన వనభోజనాలు ఆ దీపాల తర్వాత మొదలైనవే. ఉసిరి చెట్టు లేదుగా అని ఎవరో అంటే, "ఉన్న చెట్టుకే దణ్ణం పెట్టండి" అని ఆవిడే విస్తళ్ళు పరిచింది.

పక్కింటాయన మా తమ్ముడు పనిచేసే కార్ల కంపెనీలోనే పై ఉద్యోగి. ఆయనకి ఏడాదికో కొత్త కారు. కారు మీద కాయ పడితే టప్‌మని చప్పుడు. ఆయన బయటికి వచ్చి కారుని నిమిరి, పైకి చూసేవాడు. ఆ చూపు వదినగారు కనిపెట్టింది. జంతికల పళ్ళెం పట్టుకుని, ఇంగ్లీషు చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

"ఈ చెట్టు నాకేవిటో ఆయనకి చెప్పండి వదినగారూ. దాచకుండా చెప్పండి."

చెప్పాను. ఆమె భర్త సంగతీ, దీపాల సంగతీ చెప్పాను. ఆయన జంతిక నములుతూ విన్నాడు. గుండెమీద చెయ్యి వేసుకుని, "మీకు చెప్పకుండా దాన్ని ముట్టుకోను" అన్నాడు. తిరిగొస్తూ దారిలో ఆవిడ, "నున్ననే అంటారా?" అని అడిగింది. నున్ననే అన్నాను.

తర్వాతి కార్తీకంలో మేమంతా శని, ఆదివారాలకి ఇంకో సెలవు కలిసొచ్చిందని పిట్స్‌బర్గ్‌లో స్వామి దర్శనానికి వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు మా వీధి మలుపు తిరగగానే ఆకాశం ఎక్కువగా కనిపించింది. ఎందుకో ఒక్క క్షణం అర్థం కాలేదు. మా మరదలు "అయ్యో" అంది. అప్పుడు చూశాం. మొదలు మిగిలింది. దాని చుట్టూ తడి రంపంపొట్టు. పక్కింటాయన కారు కడుగుతున్నాడు.

ఆయనే మా దగ్గరికి వచ్చాడు. "మీరు చూస్తే బాధపడతారనే, మీరు ఊళ్ళో లేనప్పుడు చేయించాను" అన్నాడు.

"ఏవిటంటున్నాడు?" అంది వదినగారు. చెప్పాను.

"ఓహో. దొంగ కూడా అంతేనండీ, మన నిద్ర చెడగొట్టడం ఇష్టంలేకే చీకట్లో వస్తాడు. ఇది చెప్పండి ఆయనకి."

నేను నోరు విప్పేలోపల మా తమ్ముడు మధ్యలోకి వచ్చి ఆయనతో, ఫరవాలేదు, మీ చెట్టు, మీ ఇష్టం అన్నాడు. ఇంట్లోకి వచ్చాక రెండు చేతులూ జోడించాడు. "అత్తయ్యగారూ, మీకు పుణ్యం ఉంటుంది. లేఆఫ్‌ల రోజులు. జపాను కార్లొచ్చి మన ఉద్యోగాలు తినేశాయని అక్కడ అందరూ మండిపడుతున్నారు, మన మొహం చూస్తే చాలు, మనమూ ఆ లెక్కలోనే. ఎవర్ని తీసెయ్యాలో చెప్పేవాళ్ళలో ఈయన ఒకడు. గొడవ పెట్టకండి."

"నేను గొడవ పెట్టే మనిషిలా ఉన్నానా బాబూ?" అంది ఆవిడ. ఆ పూట అందరికీ వడ్డించి, తనూ తింది. అప్పుడే నాకు భయం వేసింది.

కొన్నాళ్ళకి పక్కింటాయన చిన్న కుండీలో జానెడు మొక్క తెచ్చాడు. ఎర్ర రిబ్బను కూడా కట్టాడు. "ఓక్ పోయిందిగా, ఇదిగో ఓక్. ఓక్ చెట్లన్నీ ఒకటేగా" అన్నాడు. ఆవిడ చిరునవ్వుతో అందుకుంది. ఆయన అటు తిరగగానే మొక్క మొదట్లో వేలు గుచ్చి, వేరుకి ఇంకా అంటుకుని ఉన్న కాయపెంకుని పైకి లాగింది. లోపల గోటితో రాసి నాకు చూపించింది. నూగు.

"పళ్ళెం మూత వాడి పిల్ల. మామిడి కొట్టేసి విషపు ముసిడి ఇచ్చాడు వదినగారూ. పైగా రిబ్బనొకటి."

ఆ మొక్కని పారేస్తుందనుకున్నాను. వెనకవైపు ఎండ తగిలే చోట చక్కగా గొయ్యి తవ్వి నాటింది. ఇప్పటికీ ఉంది. "పగ ఆయన మీద. ఇదేం చేసింది?" అంది.

పగ అనే మాట ఆవిడ నోటినుంచి వినడం అదే మొదలు. మర్నాడు నేను సహస్రనామం ముగించి లేచేదాకా గుమ్మంలో కాచుకుని ఉండి అడిగింది.

"రోజూ వెయ్యి నామాలు చదువుతారు కదా. చెప్పండి. పగ తప్పా?"

"క్షమించమంటారు పెద్దలు."

"అడిగినవాణ్ణి క్షమిస్తాం. అడగనివాణ్ణి ఎలాగండీ? ఇచ్చేవాళ్ళు ఇటు నిలబడ్డారు, పుచ్చుకునేవాడు లేడు. అది వాయనం అవుతుందా?"

ఆ ప్రశ్నకి జవాబు ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.

పిట్స్‌బర్గ్ వెళ్ళేముందు దీపాలకని ఆ చెట్టు కింద ఏరిన బేసినెడు కాయలు గరాజ్‌లో ఉన్నాయి. మూతలు దీపాలకి, కాయలు ఉడతలకి అనుకున్నవి. ఆవిడ ఆ బేసిన్ నిండా నీళ్ళు పోసింది. కొన్ని పైకి తేలాయి. చాలావరకు మునిగాయి. "తేలింది తాలు. మునిగింది గట్టిది. మనుషులైనా అంతే, కష్టం పోసి చూడాలి" అంటూ తేలినవి తీసి ఉడతలకి వేసింది. మునిగిన వాటిలో కొన్ని అప్పటికే తెల్లటి వేరు బయటికి చాచాయి. "చూశారా! తల్లి పోయిందని వీటికింకా తెలీదు."

పాల అట్టడబ్బాల్లో మన్ను నింపి నాటింది. ఉడతలు తవ్వకుండా పైన జల్లెడలు బోర్లించింది. ఆ చలికాలమంతా మా ఇంట్లో పిండి జల్లించుకోవడానికి జల్లెడ లేదు. వసంతంలో మొలకలు వచ్చాయి. అప్పుడు నన్ను పిలిచి చెప్పింది: ఇది నోము. పేరు కుచ్చుటోపీ కాయల నోము. ప్రతి కార్తీకంలో ఒక ఇంటికి వాయనం. పక్కింటాయనకి ఎడంపక్క ఇల్లు, ఎదురిల్లు, వెనకనున్న రెండిళ్ళు, చివరికి మా ఇల్లు. ఏ ఇంట్లోనైనా మొక్క నాటేది ఆయన ఇంటివైపు సరిహద్దులోనే.

"ఆయన ఒక్క చెట్టు కొట్టాడు. చుట్టూ అవే లేస్తాయి. ఏ గాలి వీచినా ఆయన కప్పుమీద టప్. ఆయన కారుమీద టప్."

"అవి కాయలు కాసేసరికి ఎన్నేళ్ళు పడుతుంది వదినగారూ? ఆయన ఉంటాడా, మీరుంటారా?"

"పగ ఊరగాయ లాంటిదండీ. ఊరనివ్వాలి. పెట్టినవాళ్ళే తినాలని ఉందా?"

"నోము పట్టేది ముత్తైదువులు కదా" అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

"పసుపు కుంకుమలు మా అమ్మాయి ఇస్తుంది. మొక్క నేనిస్తాను. మంత్రం మీరు చెప్పండి. ముగ్గురం కలిస్తే ఒక ముత్తైదువకి సరిపోమూ?"

అలాగే జరిగింది. ఏడాదికో ఇల్లు. తలుపు తీసిన అమెరికన్ ఆడవాళ్ళు బొట్టు పెట్టించుకుని, శనగలు తిని, మొక్కని చూసి మురిసిపోయారు. ఆవిడే వెళ్ళి సరిహద్దు దగ్గర నిలబడి, కాలితో చోటు చూపించి, తనకొచ్చిన ఒకే ఒక ఇంగ్లీషు ముక్కని ఆజ్ఞలా అనేది: "హియర్." వెనకింటావిడ, కంచెకి ఇంత దగ్గరగానా, కొమ్మలు పక్కవాళ్ళ మీదకి వెళ్ళవూ అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. "వెళ్ళాలనే కదా!" అంది వదినగారు. "అందరికీ నీడ ఉంటుందంటున్నారు" అని నేను ఇంగ్లీషులో చెప్పాను. వదినగారు నావైపు చూసి, "మీరేం చెప్పారో నాకు తెలిసింది. బాగా చెప్పారు" అంది.

పక్కింటాయనతో మాత్రం ఎప్పటిలాగే ఉండేది. కనిపిస్తే నవ్వు. పండగకి జంతికలు. మంచు పడితే, "పాపం, పెద్దవాడు, జారిపడతాడు, ఉప్పు చల్లి రండి" అని అల్లుణ్ణి పంపేది. ఇది చూసి మా మరదలు, అమ్మ మరిచిపోయిందనుకుంది. నేను అనుకోలేదు. ఆయన బాగా ఉండాలని ఆవిడ నిజంగానే కోరుకునేది. పగతీర్చుకోవాలంటే ఆయన ఉండాలి కదా.

ఒక మొక్క మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఉంచింది. అట్టడబ్బా నుంచి కాఫీ డబ్బాకి, అక్కణ్ణించి పెయింట్ బకెట్‌కి మార్చింది. చలికాలం గరాజ్‌లో, ఎండాకాలం మెట్ల పక్కన. నడుమెత్తు పెరిగింది. ఇది ఎవరికని అడిగితే, "ఉద్యాపనకి" అంది. "నోము ఎవరివల్ల మొదలైందో చివరి వాయనం వాళ్ళకే."

"ఆయన తీసుకుంటాడా?"

"రెండు చేతులా తీసుకునేట్టు ఇవ్వాలి. అందుకే ఇన్నేళ్ళు నవ్వింది."

నేను ఎడిసన్‌లో ఉన్నప్పుడు, పోవడానికి నాలుగు రోజుల ముందు ఫోన్‌లో అన్న మాట కూడా అదే. "వచ్చే కార్తీకంలో ఉద్యాపన. చెల్లెలికి నయమవగానే వచ్చెయ్యండి. మంత్రం మీది."

నేను ఇంటికి తిరిగొచ్చాను. కర్మలు ముగిశాయి. కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం మా మరదలు, నేను బకెట్ చెరోపక్క పట్టుకుని పక్కింటికి వెళ్ళాం. ఆయన రిటైరయ్యాడు. జుట్టంతా తెల్లబడింది. మమ్మల్ని చూడగానే కళ్ళు తుడుచుకున్నాడు. నటన కాదు.

"ఆవిడ ఎంత మెత్తని మనిషి" అన్నాడు.

మా మరదలు నేలవైపు చూసింది. నేను ఆయనవైపే చూశాను. "ఇది ఆవిడ మీకోసం పెంచింది. మీకు ఇమ్మని చెప్పి పోయింది" అన్నాను. అందులో అబద్ధం లేదు.

"ఏం చెట్టిది?"

"ఓక్."

"ఏ ఓక్?"

"ఓక్ చెట్లన్నీ ఒకటేగా" అన్నాను.

ఆ మాట ఎక్కడిదో ఆయనకి తట్టలేదు. "నిజమే, నిజమే" అని తలూపాడు. మా మరదలు బకెట్ అంచుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. ఆయన వంగి బకెట్‌ని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"ఇస్తినమ్మ వాయనం" అన్నాను పైకే.

"థాంక్యూ" అన్నాడు ఆయన.

పుచ్చుకున్నట్టే. నోము తీరింది.

ఇది చదివి, ఇద్దరి మధ్యా చివరికి మనసులు కలిశాయని మీలో ఎవరైనా అనుకుంటారేమో. అనుకోకండి. ఆవిడకి అది అవమానం. ఆవిడ ఎవర్నీ క్షమించకుండానే, ఎవరికీ చిన్నమెత్తు హాని చెయ్యకుండానే వెళ్ళింది. ఈ రెండూ ఒకే ఒంట్లో ఇమడగలవని నాకు చూపించింది ఆవిడే. రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు అందుకు కూడా పెట్టుకుంటున్నాను.

నేను జపానికి కూర్చునే కిటికీలోంచి పక్కింటి డ్రైవ్‌వే కనిపిస్తుంది. ఆయన మొక్కని సరిగ్గా దాని పక్కనే, తన చేతులతో నాటుకున్నాడు. కుందేళ్ళు కొరక్కుండా చుట్టూ ఇనప వల కట్టాడు. ఈ ఉదయం చూస్తే బయటికి వచ్చి, మోకాళ్ళమీద వంగి మట్టి తడిమి చూసి, లేచి కాసేపు నిలబడ్డాడు. అప్పటికి ఎండ ఆయన కొత్త కారుమీదే ఉంది, మొక్క నీడలో ఉంది. ఆయన లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చుకుని, మొక్కకి ఎండ తగిలేలా కారుని వెనక్కి తీశాడు.